కృష్ణ ఒడ్డున రోము సంగతులు: తేలినవి, తేలనివి, తెలుగులో చెప్పుకోవలసినవి

అమరావతి శిల్పంలో గ్రీకు, రోము ప్రభావం ఎంత? ఈ ప్రశ్న పుట్టి నూట యాభై ఏళ్లు దాటింది. జవాబు మాత్రం తరానికొకటిగా మారుతూ వచ్చింది. ఒకప్పుడు ఇందులోని గొప్పతనమంతా అక్కడి నుంచి వచ్చిందే అన్నారు. తర్వాత అక్కడి నుంచి వచ్చిందేమీ లేదు, అంతా మనదే అన్నారు. ఇప్పటి పరిశోధకులు ఈ రెండు మాటలూ పక్కన పెట్టి, ఒక్కో రాయినీ ఒక్కో నాణేన్నీ విడివిడిగా చూసి మాట్లాడుతున్నారు. చిక్కల్లా ఈ మూడో మాట జనం దాకా రాకపోవడమే. గైడ్లు మొదటిది చెబుతారు, సభల్లో వక్తలు రెండోది చెబుతారు, గ్రూప్స్‌కి చదివే కుర్రాళ్లు రెంటినీ బిట్లుగా బట్టీ పడతారు.

ప్రాచీన గ్రీసు, రోము మీద విశ్వవిద్యాలయాల వాళ్లు మామూలు జనానికి ఉపన్యాసాలివ్వడం పడమటి దేశాల్లో పాత అలవాటు. మన దగ్గర ఆ మాటెత్తితే ‘మనకెందుకండీ ఆ గోల’ అంటారు. ఎందుకో చెప్పడానికి ఒక్క పల్నాడు జిల్లా చాలు. అమరావతి అంటే ఇక్కడ తుళ్లూరు వైపు రాజధాని కాదు, అమరేశ్వరుడి గుడి, మహాస్తూపం ఉన్న పాత ఊరు. ఆ ఊరూ, వినుకొండా, మాచర్ల దగ్గరి నాగార్జునకొండా మూడూ 2022 ఏప్రిల్‌లో నరసరావుపేట కేంద్రంగా ఏర్పడిన ఈ జిల్లాలోవే. రోముతో మన సంబంధానికి సాక్ష్యం పలికే వస్తువులు మూడు చోట్లా దొరికాయి. ఆ సాక్ష్యం ఎంతవరకు నిలుస్తుందో ఒకసారి చూద్దాం.

రాసిపెట్టిన వాళ్లు

ముందు గ్రంథాలు. క్రీ.శ. 1వ శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీ ‘ఆండరే’ అనే బలమైన జాతి గురించి రాశాడు. వాళ్లకు గోడలూ బురుజులూ ఉన్న 30 పట్టణాలు, లక్ష కాల్బలం, 2,000 గుర్రాలు, 1,000 ఏనుగులు ఉన్నాయన్నాడు. ఈ అంకెలు లేని ఆంధ్ర చరిత్ర పుస్తకం దాదాపు లేదు. అయితే ప్లినీ ఇండియాకు వచ్చినవాడు కాడు. తనకంటే ముందువాళ్లు రాసినవి పోగుచేసి పెద్ద గ్రంథం కట్టాడు. ఈ అంకెలు మౌర్యుల కొలువులో ఉండి వెళ్లిన మెగస్తనీసు నుంచి తీసుకున్నవని చాలామంది అభిప్రాయం. అదే నిజమైతే అవి శాతవాహనుల నాటివి కావు, అంతకు మూడు వందల ఏళ్ల ముందువి. అంకె ఒకటే, కాలం మారితే చరిత్రే మారిపోతుంది. మన పుస్తకాలు చాలావరకు ఈ సంగతి దగ్గర ఆగవు.

రెండోది ‘పెరిప్లస్’. ఈజిప్టులో ఉండే ఒక గ్రీకు వర్తకుడు 1వ శతాబ్దం మధ్యలో రాసుకున్న రేవుల చిట్టా అది. రాసినవాడి పేరు మిగల్లేదు. పడమటి తీరం గురించి అతను ఏ రేవులో ఏం దిగుతుంది, ఏం ఎక్కుతుంది, రాజుగారికి ఏ కానుకలు పట్టుకెళ్లాలి అని లెక్కగా చెబుతాడు. కన్యాకుమారి తిరిగాక అతని మాట పలచబడుతుంది. మన తీరాన్ని ‘మసాలియా’ అన్నాడు, సన్నని నూలు బట్ట అక్కడ విరివిగా తయారవుతుందన్నాడు, అక్కడితో సరి. ఇటువైపు అతను స్వయంగా వచ్చి ఉండడని చదివిన వాళ్లకు తెలిసిపోతుంది. కృష్ణా డెల్టా నేత సరుకు పేరు మాత్రం ఆనాడే ఎర్రసముద్రం దాకా పాకిందని రుజువైంది.

మూడోవాడు 2వ శతాబ్దం మధ్యలో అలెగ్జాండ్రియాలో కూర్చుని భూగోళం రాసిన టాలెమీ. అప్పటికి సమాచారం పెరిగింది. ‘మైసోలియా’ దేశం, ‘మైసోలోస్’ నది, ‘కొంటకొస్సిల’ అనే వర్తక పట్టణం, ఆ తీరం నుంచి ఓడలు తీరం వదిలి సువర్ణభూమి వైపు మళ్లే చోటు, ఇవన్నీ వరసగా పేర్కొన్నాడు. కొంటకొస్సిల అంటే మన ఘంటసాల అని చెప్పడానికి ఆధారం నాగార్జునకొండలోనే దొరికింది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 14వ పాలనా సంవత్సరపు శాసనంలో బోధిసిరి అనే ఉపాసిక తన దానాల జాబితా చెప్పుకుంటూ ‘కంటకసేల’ పేరు తెచ్చింది. ఆ శాసనాలను ప్రకటించిన డచ్చి పండితుడు ఫోగెల్ ఈ రెండు పేర్లనూ కలిపాడు. పైఠాన్‌లో ‘సిరో టాలెమయోస్’ రాజ్యం చేస్తున్నాడని కూడా టాలెమీ రాశాడు. ఆయన శాతవాహన పులుమావి. ఆ పులుమావి శాసనం అమరావతి స్తూపం దగ్గరా ఉంది. ఒక గ్రీకు పండితుడూ ఒక ఆంధ్ర ఉపాసికా ఒకే ఊరి పేరు చెప్పిన అరుదైన సందర్భమిది. గ్రంథాల సాక్ష్యంలో గట్టిగా నిలిచే భాగం ఇదే.

నాణేలు ఏం చెబుతాయి

నెల్లూరు దగ్గర ఒక రైతు రాతిగుట్ట పక్కన దున్నుతుంటే నాగలికి ఇటుక కట్టడం తగిలింది. తవ్వి చూస్తే చిన్న గుడి శిథిలం, దాని కింద చిన్న కుండ, కుండ నిండా బంగారు నాణేలు. వాటిని అతను పాత బంగారం లెక్కన అమ్మేశాడు. చాలా నాణేలు కరిగిపోయాయి. ఆర్కాటు నవాబు ఇంటివాళ్ల చేతికి ముప్ఫైకి పైగా దక్కాయి. చూస్తే అవి 2వ శతాబ్దపు రోమన్ నాణేలు. మద్రాసు గవర్నరుగా చేసిన డేవిడ్సన్ ఈ సంగతి రాసి పంపగా, కలకత్తా ఏషియాటిక్ సొసైటీ తన సంపుటంలో అచ్చువేసింది. ఇది 18వ శతాబ్దం చివరి మాట. తెలుగు నేల మీద రోము గురించి మొదలైన చర్చకు ఆ కుండే నాంది అనుకోవచ్చు.

తర్వాత వినుకొండలో దొరికాయి. అవీ బంగారు నాణేలే, 1వ శతాబ్దపు తైబీరియస్ నుంచి 3వ శతాబ్దపు కారకల్లా దాకా వేర్వేరు చక్రవర్తులవి. వీటన్నిటినీ ఒకచోట చేర్చి 1904లో ‘ఇండియాలో దొరికిన రోమన్ నాణేలు’ అనే వ్యాసం రాసినవాడు రాబర్ట్ సీవెల్. 1877లో అమరావతి స్తూపం దగ్గర తవ్వకం చేసిన సీవెల్ ఈయనే. ఆ మీదట పరమేశ్వరీలాల్ గుప్త 1965లో ఆంధ్రప్రదేశ్‌లోని రోమన్ నాణేల మీద ప్రత్యేక గ్రంథమే వేశారు. నల్గొండ జిల్లా అక్కనపల్లి నిక్షేపంలో 1,531 వెండి దీనారాలు లెక్క తేలాయి.

ఇన్ని నాణేలు దొరికాయంటే రోమన్లు వచ్చి ఇక్కడ ఉన్నట్టేనా? కాదు. నాణేనికి కాళ్లుంటాయి, అది పది చేతులు మారి వస్తుంది. దక్కనులో దొరికిన కొన్ని బంగారు నాణేల మీద చక్రవర్తి బొమ్మకు అడ్డంగా ఉలి గాటు ఉంది. లోపల రాగి ఉందేమోనని పరీక్షించారా, డబ్బుగా చెల్లకుండా రద్దు చేశారా అన్నది తేలలేదు. కొన్నింటికి పైన చిల్లులున్నాయి, అంటే మెడలోకి ఎక్కాయి. మన కాసులపేరు అలవాటు అప్పటికే ఉందన్నమాట. అసలు నాణేల్ని చూసి ఇక్కడే పోతపోసిన నకళ్లూ ఉన్నాయి. తెలంగాణలో కొండాపూర్ తవ్వకాల్లో రోమన్ నాణెపు పోలికతో మట్టి బిళ్లలు కూడా బయటపడ్డాయి. కాబట్టి ఇక్కడివాళ్లు రోమన్ నాణేన్ని అక్కడి విలువకు తీసుకోలేదు. తూకం బంగారంగా, నగగా, ముచ్చటగా తమ అవసరానికి మలుచుకున్నారు.

ఏటా ఇండియాకు 5 కోట్ల సెస్టర్సులు తరలిపోతున్నాయని ప్లినీ వాపోయిన మాట అందరూ ఉదహరిస్తారు. దాన్ని పట్టుకుని ‘రోమును దివాలా తీయించాం’ అనేవారున్నారు. కేరళలోని ముజిరిస్ నుంచి అలెగ్జాండ్రియాకు వెళ్లిన ఒక ఓడ సరుకు లెక్క 2వ శతాబ్దపు పాపిరస్ ముక్క మీద మిగిలి, ఇప్పుడు వియన్నాలో ఉంది. ఆ ఒక్క ఓడ సరుకే లక్షల సెస్టర్సుల విలువ చేసింది. దాన్ని చూస్తే ప్లినీ అంకె మరీ కట్టుకథ కాదనిపిస్తుంది. కానీ ఆ సరుకు మీద రోమన్ ప్రభుత్వం నాలుగోవంతు సుంకం వసూలు చేసుకునేది. ప్లినీ గొంతులో ఉన్నది ఆడంబరం మీద నీతిబోధ, ఖజానా లెక్క కాదు. రాజన్ గురుక్కళ్ 2016లో వేసిన పుస్తకంలో ఇంకో అడుగు ముందుకేసి, ఇది రెండు సమాన ఆర్థిక వ్యవస్థల మధ్య వ్యాపారమే కాదని వాదించారు. ఆయనతో ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు. వాదం ఇంకా నడుస్తోంది.

రాళ్ల తగువు

మెకంజీ 18వ శతాబ్దం చివర అమరావతి దిబ్బ చూశాడు. ఎలియట్ 1845లో తవ్వాడు. ఆ రాళ్లు మద్రాసు మీదుగా లండను చేరాయి. పల్నాటి సున్నపురాయిని వాళ్లు పాలరాయి అన్నారు. ఏథెన్సు నుంచి ఎల్గిన్ ప్రభువు తెచ్చిన శిల్పాలున్న బ్రిటిష్ మ్యూజియంలోనే 1880లో వీటినీ చేర్చి, పెద్ద మెట్లదారి గోడల వెంట నిలబెట్టారు. ఒకే కప్పు కింద చేరాక పోలికలు ఎంచడం ఎవరూ ఆపలేరు. 1868లోనే జేమ్స్ ఫెర్గుసన్ తన గ్రంథంలో అమరావతి కళను సాంచీ దేశీయ కళకూ, బాక్ట్రియా వైపు గ్రీకు కళకూ మధ్య నిలిపాడు. విన్సెంట్ స్మిత్ లాంటివాళ్లు ఆ దారినే నడిచారు. మంచిదైతే గ్రీకుల వల్ల, మంచిది కాకపోతే మన వల్ల అన్న ధోరణి అప్పట్లో వాళ్లకు సహజంగా తోచింది.

దీనికి ఎదురుగాలి 20వ శతాబ్దంలో వచ్చింది. ఆనంద కుమారస్వామి 1927లో బుద్ధ ప్రతిమ పుట్టుక గురించి రాస్తూ, అది గ్రీకు అచ్చులోంచి ఊడిపడలేదనీ మధురలోని మన యక్ష ప్రతిమల వారసత్వమనీ వాదించారు. శివరామమూర్తి 1942లో మద్రాసు మ్యూజియంలోని అమరావతి శిల్పాల మీద వేసిన గ్రంథం ఇప్పటికీ కొట్టిపారేయలేనిది. నగలు, దుస్తులు, వాద్యాలు, బండ్లు ఒక్కొక్కటీ తీసి మన వాఙ్మయంతో సరిచూసిన పని అది.

ఇప్పుడు ఒక శిల్పం ముందు నిలబడి చూద్దాం. మద్రాసు మ్యూజియంలో నలగిరి ఏనుగు పతకం ఉంది. ఎడమవైపు మదమెక్కిన ఏనుగు వీధిలో పడి మనుషుల్ని విసిరికొడుతోంది. జనం చెల్లాచెదురవుతున్నారు. మేడ కిటికీల్లోంచి ఆడవాళ్లు తొంగిచూస్తున్నారు. కుడివైపు అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకరిల్లింది. ఒకే చట్రంలో రెండు క్షణాలు. రోములో 113లో నిలిపిన ట్రాజన్ స్తంభం మీదా కథ ఇలాగే ఆగకుండా సాగుతుందని పోల్చేవాళ్లున్నారు. కానీ భర్హుత్, సాంచీ శిల్పులు అంతకు ముందే ఈ పద్ధతిలో జాతక కథలు చెక్కారు. కాబట్టి కథ చెప్పే పద్ధతి అరువు కాదు. మనుషుల్ని ఒకరి వెనక ఒకరిని పొరలు పొరలుగా లోతుకు చెక్కిన తీరు దగ్గర మాత్రం రోమన్ పోలిక అంత తేలిగ్గా కొట్టేయలేం. పొడవాటి పూలదండను వరసగా మోసే మనుషుల అంచు అలంకారం కూడా అంతే, గాంధారంలోనూ రోములోనూ దానికి చుట్టాలున్నారు. బుద్ధుడి చీవరం బరువైన మడతలకూ రోమన్ల టోగాకూ పోలిక చెబుతారు గానీ, కుడి భుజం విడిచి కప్పుకోవడం మన భిక్షువుల ఆచారమే.

ఇంకో రాయి బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. దానికి ఒకవైపు బోధివృక్షం కింద ఖాళీ ఆసనం, బుద్ధుడు లేడు. రెండు మూడు వందల ఏళ్ల తర్వాత అదే రాయిని తిప్పి వెనకవైపు నిండు స్తూపాన్ని చెక్కారు. మార్పు ఈ ఊళ్లోనే, ఈ రాయి మీదే జరిగిందనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. డబ్బెవరిదంటారా? శాసనాల్లో వర్తకులు, గృహపతులు, భిక్షుణులు కనిపిస్తారు. విధికుడనే చర్మకారుడు కుటుంబంతో కలిసి పూర్ణఘటం చెక్కిన రాయి ఇచ్చాడు. 2018లో ఆంధ్రప్రదేశ్ తీసుకున్న రాజముద్రకు స్ఫూర్తి ఆ పూర్ణఘటమే. అకిరా షిమాద 2013లో వేసిన పుస్తకం శైలి తగువును కాసేపు పక్కన పెట్టి, స్తూపాన్ని ఊరితో, వర్తకంతో, దాతలతో కలిపి చూసింది. సమీక్షించే వాడిగా నాకు సరైన దారి ఇదేననిపిస్తుంది.

నాగార్జునకొండలో కొత్త సాక్ష్యం

1926లో వెలుగులోకి వచ్చిన నాగార్జునకొండను లాంగ్‌హర్స్ట్ 1927–31 మధ్య తవ్వాడు. సాగర్ డ్యామ్ కింద లోయ మునిగిపోతుందని తెలిశాక 1954–60 మధ్య ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో పెద్ద ఎత్తున తవ్వారు. రోమన్ బంగారు నాణేలు ఇక్కడా దొరికాయి. అంతకన్నా ఆశ్చర్యపరిచేది రాజప్రాసాద స్థలంలోని ఒక స్తంభం. దాని మీద గడ్డం ఉన్న మగమనిషి, ఒంటి మీద పైబట్ట లేదు, చేతిలో కొమ్ము ఆకారపు పానపాత్ర, పక్కన మద్యం పీపా. గ్రీకుల మద్య దేవుడు డయొనీసస్ అని దీనికి పేరుపడింది. అక్కడే ఇంకో స్తంభం మీద పొడుగు చొక్కా, పైజామాతో శకుల సైనికుడున్నాడు. దేవుడే అయినా కాకపోయినా, చెక్కినవాడికి ఆ నమూనా ఎక్కడో కంటబడి ఉండాలి. ప్రభావం అనే మాట తడబడకుండా వాడదగిన చోటు ఇది.

రెండోది ‘ఆంఫీథియేటర్’. మధ్యలో దీర్ఘచతురస్రపు గోదా, నాలుగు పక్కలా మెట్ల వరసలు. నీళ్లలో మునగకుండా దీన్ని అనుపులో తిరిగి కట్టారు. అక్కడికి వెళ్తే రోమన్లు కట్టారని ధీమాగా చెప్పేవాళ్లు తగులుతారు. గ్రీకు రంగస్థలం కొండవాలుకు ఆనుకున్న అర్ధవృత్తం, రోమన్ ఆంఫీథియేటర్ కోడిగుడ్డు ఆకారం, ఇది రెండూ కాదు. మెట్ల కోనేళ్లు కట్టడంలో చేయితిరిగిన ఇటుక పనివాళ్లు ఇదే లోయలో ఉన్నారు. రోమన్ ఊహ అందుకు తోడై ఉండవచ్చు, ఉండకపోవచ్చు. రుజువు చాలదు.

శాసనాలు ఇంకో మెలిక పెడతాయి. అభీర వసుసేనుడి కాలపు శాసనం ప్రకారం అష్టభుజస్వామి విష్ణువును ప్రతిష్ఠించిన వాళ్లలో సంజయపురి యోనరాజులు (యవన రాజులు) ఉన్నారు. అంటే 3వ శతాబ్దం నాటికి యవనులనిపించుకున్న వాళ్లంతా ఓడ దిగిన రోమన్లు కారు. ఇక్కడే స్థిరపడి, ఇక్కడి దేవుళ్లను కొలిచే రాజవంశాలూ అందులో ఉన్నాయి.

తిరగబడిన తీర్పులు

ఈ రంగంలో నిన్నటి నిశ్చయం ఇవాళ్టికి నిలవదనడానికి రెండు ఉదాహరణలు. 1945లో మార్టిమర్ వీలర్ అరికమేడులో తవ్వి, లోపల చుక్కల గీతలున్న నున్నటి నల్లపళ్లేలు మధ్యధరా నుంచి వచ్చాయన్నాడు. అవే పళ్లేల పెంకులు అమరావతిలో, శాలిహుండంలో దొరికితే ‘రోముతో సంబంధం’ అని రాసేసుకున్నాం. 1980లలో విమలా బెగ్లీ అవి ఇండియాలో చేసినవేనని వాదించారు. 1997లో విశ్వాస్ గోగ్టే మట్టిని పరీక్షించి బెంగాలు డెల్టా వైపు చూపారు. ఆ పెంకులు ఇప్పుడు రోము కథ చెప్పవు, మన తూర్పు తీరం వెంట నడిచిన వ్యాపారం కథ చెబుతాయి.

రెండోది ధేనుకాకట. మహారాష్ట్రలో కార్లే గుహల్లో స్తంభాలు దానం చేసిన యవనులు తమది ధేనుకాకట అని చెక్కించుకున్నారు. అది మన ధాన్యకటకమేనని, అంటే అమరావతి పక్కనున్న నేటి ధరణికోటేనని కొందరు పండితులన్నారు, మనమూ సంబరపడ్డాం. కోశాంబి 1955లో ఆ ఊరు కార్లే దాపులదేనని వాదించారు. ఇప్పుడు మొగ్గు అటే. ఇక ధాన్యకటకం గొప్పతనానికి ఆ యవనులు అవసరం లేదు. 1962–65 మధ్య ధరణికోట తవ్వకాల్లో కృష్ణకు కలిపిన పడవ కాలువ, రేవు కట్టడం బయటపడ్డాయి. ఆ సాక్ష్యం ఎవరి దయా లేకుండా నిలబడుతుంది.

ఉపన్యాసాల మాట

పై సంగతులన్నీ పుస్తకాల్లో ఉన్నవే, ఎక్కువగా ఇంగ్లీషులో. జనానికి చెప్పడం వేరే విద్య. లండన్‌లో గ్రెషామ్ కాలేజీ 1597 నుంచి ఉచితంగా బహిరంగ ఉపన్యాసాలిస్తోంది. బర్క్‌లీలో సేథర్ ఉపన్యాసాలు ప్రాచీన గ్రీసు, రోములకే అంకితం. ఆ వేదిక మీద చెప్పిన మాటలే డాడ్స్, ఫిన్లీల ప్రసిద్ధ గ్రంథాలయ్యాయి. యేల్‌లో డొనాల్డ్ కేగన్ గ్రీకు చరిత్ర పాఠాలు 2007లో చిత్రీకరించి ఇంటర్నెట్లో పెడితే, నరసరావుపేటలో కూర్చున్న కుర్రాడు కూడా వినొచ్చు. కానీ ఆ పాఠాల్లో కృష్ణానది రాదు.

మనకు ఇది పరాయి విద్యేమీ కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి 1931 నుంచి 1936 దాకా ఉపకులపతిగా ఉన్న రాధాకృష్ణన్, ఆ తర్వాత ఆక్స్‌ఫర్డులో ఆచార్య పదవిలో ఉండి 1939లో వేసిన గ్రంథంలో గ్రీకు చింతనకూ భారతీయ చింతనకూ ఉన్న చుట్టరికం మీద అధ్యాయాలే రాశారు. అదే పని తెలుగులో, పల్నాడు రాళ్లు ముందు పెట్టుకుని చేయాలి.

అందుకు కొన్ని షరతులు. చెప్పేవాళ్లకు రెండు వైపులా తెలియాలి. బ్రాహ్మీ చదివేవాళ్లు మనకున్నారు. గ్రీకు, లాటిన్ మూలం చదవగల వాళ్లను బయటి నుంచైనా పిలవాలి, మన పిల్లల్లో ఇద్దరు ముగ్గుర్ని ఆ భాషలకు పంపాలి. ఒక్కో ఉపన్యాసానికి ఒక్కో వస్తువు చాలు: టాలెమీ పేర్ల పట్టిక, వినుకొండ నాణెం, నలగిరి పతకం, డయొనీసస్ స్తంభం, అనుపు మెట్లు, ధరణికోట రేవు. ఏది తేలిందో, ఏది తేలలేదో వేర్వేరుగా చెప్పాలి. చివర అరగంట జనం ప్రశ్నలకు విడిచిపెట్టాలి. చెప్పింది చెప్పినట్టు అచ్చువేసి చవకగా అమ్మాలి.

ఇప్పటిదాకా తేలినదాన్ని బట్టి నా తీర్పు ఇది. కృష్ణ ఒడ్డుకూ రోమన్ ప్రపంచానికీ రాకపోకలున్నాయి, అది రుజువైంది. కొన్ని నమూనాలు అటు నుంచి వచ్చాయి, అదీ ఒప్పుకోవాలి. అమరావతి కళ మాత్రం ఇక్కడి రాయి, ఇక్కడి దాతలు, ఇక్కడి శిల్పుల పని. ఈ మూడు మాటలూ ఒక్క గుక్కలో చెప్పగలిగిన వేదిక తెలుగులో ఇంకా ఏర్పడలేదు. నాగార్జునుడి పేరు పెట్టుకున్న విశ్వవిద్యాలయం, రాజధానిలో కొత్తగా వెలసిన విశ్వవిద్యాలయాలు, పురావస్తు శాఖ కలిసి ఏడాదికి ఆరు ఉపన్యాసాలు అమరావతి మ్యూజియం దగ్గరో అనుపులోనో పెట్టడానికి పెద్ద ఖర్చేమీ కాదు. చరిత్ర చెప్పే మాస్టార్లూ, గ్రంథాలయాల వాళ్లూ ముందుగా అడగాలి. అడిగితే కాదనడం ఆ సంస్థలకు కష్టం.